నల్లదారం మంచి తీగకే

సారు పోయాడన్న కబురు నాకు పొద్దునపూట వచ్చింది. వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతున్నాను. కరీంనగర్ తోటలో ఒకప్పుడు నాతో కలిసి పనిచేసిన తోటమాలి, జమ్మికుంట బస్సు దిగి నడుచుకుంటూ వచ్చి, మా గడప ముందు నిలబడి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎండకు గాని వానకు గాని ఆయన తలపాగా తీయగా నేను ఎన్నడూ చూడలేదు.

"సారు పోయిండక్కా," అన్నాడు. "గుండె నొప్పట. కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండట. పది దినాలైంది. నేను హైదరాబాదు పోయే వస్తున్న."

నేను చేట ఆపలేదు. గింజలు ఎగరేసి పట్టాను, పొట్టు ఊదాను.

"ఎన్నేండ్లుంటయ్?"

"యాభై గూడ నిండలే."

"నా మీద పెట్టిన తప్పు దింపకుంటనే పోయిండన్నట్టు."

"పోయినోన్ని గట్ల అనొద్దక్కా."

"ఉన్నప్పుడు గూడ అన్న. ఇప్పుడు కొత్తగ అంటలే."

ఆ తర్వాత చేట కింద పెట్టి ఏడ్చాను. తిట్టిందీ నిజమే, ఏడ్చిందీ నిజమే. రెండూ రాయమని, ఇది రాసిపెడుతున్న పంతులమ్మకు చెప్పాను.

తోటమాలి రెండు పనుల మీద వచ్చాడు. ఒకటి, తన సంచిలోంచి అట్ట చినిగిన పాత పుస్తకం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. సారు కూతురు ఇచ్చిందట. దాని మీద 'జమ్మికుంట పెద్దమ్మకు' అని సారే రాసిపెట్టుకున్నాడట. నాకు చదువు రాదు. తీసి గూట్లో పెట్టాను. రెండోది, సారుతో పనిచేసిన వాళ్ళంతా కలిసి ఆయన జ్ఞాపకంగా ఒక చిన్న పుస్తకం అచ్చువేస్తున్నారట. ఒక్కొక్కరు రెండు మంచి మాటలు చెప్పాలట.

"నువ్వు గూడ జెప్పక్కా. నీకంటె సారును ఎరిగినోళ్ళెవరు?"

మంచి మాటలు రెండు కాదు, ఇరవై చెబుతానన్నాను. మంచిది కాని మాట ఒక్కటే చెబుతాను. వేస్తే అన్నీ వెయ్యండి, లేకపోతే ఏదీ వద్దు.

పక్కింటి పంతులమ్మ రాస్తోంది. నా మాటను అచ్చు పుస్తకాల భాషలోకి సరిచేసి రాస్తానంది. భాష సరిచెయ్యి బిడ్డా, మాట సరిచెయ్యకు అన్నాను.

ఆ ఒక్క మాట ఏమిటో మీకు ముందే చెబుతాను, వెతుక్కునే పని లేకుండా. నేను ఆకులు కలపలేదు. మంచి తీగ ఆకులూ రోగపు తీగ ఆకులూ నేను తారుమారు చేశానని సారు అన్నాడు. ఆ మాట తోట దాటి, ఊరు దాటి, నా వెనకాలే జమ్మికుంట దాకా వచ్చింది. ఇక్కడ పత్తి మిల్లులో పుల్లలు ఏరేటప్పుడు కూడా నా పేరు కలిపినవ్వే, అంటే ఆకులు కలిపిన అవ్వ. చావబోయే ముందైనా నా పేరు నాకు కావాలి. అందుకే చెబుతున్నాను. ఇక మొదటి నుంచి వినండి.

మాది నూలుకు రంగులు వేసే ఇల్లు. సాలోళ్ళు నూలు తెచ్చి ఇస్తే నలుపూ ఎరుపూ వేసి ఇచ్చేవాళ్ళం. నైజాం సర్కారు పోయిన తర్వాత ఊళ్ళోకి డబ్బా రంగులు దిగాయి. చిటికెడు పొడి, చెంబెడు వేడినీళ్ళు, అయిపోయె నలుపు. మా కుండలను ఎవరూ అడగలేదు. మా ఆయన కూడా ఆ ఏడే పోయాడు. మానేరు ఒడ్డున కొత్తగా పండ్ల తోట వేస్తున్నారంటే కలుపు తీసే కూలికి పోయాను.

ఆ తోటలో ద్రాక్ష ఒక వింత. మా దిక్కున మామిడి తెలుసు, సీతాఫలం తెలుసు. పందిళ్ళ మీద పాకించిన ద్రాక్షను చూడడానికి జనం పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. వానలు పడ్డాయంటే ఆకుల మీద నూనె చుక్క పడ్డట్టు మచ్చలు లేచేవి. ఆకు తిప్పి చూస్తే ఆ మచ్చ కింద తెల్లటి బూజు. ఆ బూజు సంగతి తేల్చడానికే సారు వచ్చాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, అదే పెన్సిలు కోసం జేబులన్నీ తడుముకునే మనిషి. ముప్పై దాటాయో లేదో.

వచ్చిన మూడో రోజు, నేను వరసలో కూర్చుని ఒక ఆకు నములుతుంటే ఉరికొచ్చాడు.

"ఏయ్ పెద్దమ్మా! ఉమ్మెయ్! మైలుతుత్తం కొట్టిన ఆకది!"

"నువ్వు కొట్టింది మొన్న సారూ. నిన్న వాన కడిగింది. వానను జూసే నోట్లె ఏసుకున్న."

"ఆకలైతుందా?"

"ఆకలికి ఆకు తింటరా? మేకనా నేను? వగరు జూస్తున్న."

"వగరుతోటి నీకేం పని?"

"నలుపుకు వగరే తల్లి సారూ. కరక్కాయల వగరుంటది గనుకనే నూలు నల్లగైతది. గీ ఆకుల ఉన్నదా లేదా అని."

ఆయన నా పక్కనే మట్టిలో కూర్చున్నాడు. మరునాడు నేను ఇంట్లోంచి ఒక ముంత తెచ్చాను. అందులో తుప్పు మేకులూ బెల్లమూ వేసి నానబెట్టిన నీళ్ళు. చూడ్డానికి పలచని కల్లులా ఉంటుంది. ద్రాక్షాకు నలిపి ఆ పసరులో తెల్ల గుడ్డపీలిక ముంచాను. పిండి ముంతలో వేశాను. తీసేసరికి పీలిక నల్లగా తేలింది. సారు దాన్ని ఎండలోకి ఎత్తి పట్టుకుని పెద్దగా నవ్వాడు.

"నా సీసల జరిగేది గూడ గిదే పెద్దమ్మా! నాకు గిది ఇంగ్లీషుల నేర్పిండ్రు. నీకెవరు నేర్పిండ్రు?"

"మా అత్త. ఇంగ్లీషు లేకుంటనే నేర్పింది."

ఆ మాటను ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. ఆ రోజు నుంచి నన్ను కలుపు పని మాన్పించి తన గదిలోకి తీసుకున్నాడు. తోటమాలికి నచ్చలేదు. "కలుపు తీసేటామెకు గాజుసీసలా?" అన్నాడు. సారు ఏమన్నాడో నాకు ఇప్పటికీ జ్ఞాపకం. "మా బాపు నిర్మల్ల కొయ్యబొమ్మలకు రంగులేస్తడు. పెద్దమ్మ నూలుకు ఏసింది. మనం మనం ఒకటే."

మనం మనం ఒకటే. ఆ మూడు మాటలను పొదుగు కింద దూడలాగా పట్టుకుని ఉన్నాను నాలుగేళ్ళు.

ఆయన చేసే పని ఏమిటో నాకు ఇలా చెప్పాడు: "తీగకు కాళ్ళు లేవు, ఉరకరాదు. చేతులు లేవు, కొట్టరాదు. పురుగొచ్చినా బూజొచ్చినా దాని కాడ ఉన్న కత్తి వగరొక్కటే. గా కత్తి మంచి తీగల ఎంతుంది, రోగపు తీగల ఎంతుంది, గది కొలవాలె." కొలవడమంటే తక్కెడ కాదు. ఆకులను దంచి, సారాయిలాంటి ఘాటు నీళ్ళలో మరగబెట్టి, వడగట్టి, సన్నటి గాజు గొట్టాల్లో పోసి, ఇనుప మందు చుక్కలు వేసేవాడు. గొట్టంలో నీళ్ళు నల్లబడేవి. ఎంత వగరుంటే అంత నలుపు. ఆ నలుపును చూసి అంకె వెయ్యాలి.

అక్కడే ఆయనకు నా కన్ను అవసరమైంది. మా ఇంట్లో నలుపులు ఐదు, లేత నుంచి ముదురుకు. పొగ నలుపు, చీమ నలుపు, బర్రె నలుపు, నేరేడు నలుపు, కాకి నలుపు. బర్రెకూ నేరేడుకూ మధ్య ఆయన తడబడేవాడు. నేను తడబడేదాన్ని కాదు. ఆయన గొట్టాన్ని తెల్లకాగితం ముందు పట్టుకునేవాడు, నేను పేరు చెప్పేదాన్ని, ఆయన అంకె వేసేవాడు. ఒకసారి నా కన్నును పరీక్ష చెయ్యాలని ఒకే గొట్టాన్ని మూడుసార్లు, వేరే వేరే పూటల్లో చూపించాడు. మూడుసార్లూ నేరేడే అన్నాను. "కన్ను జూసిందే రాయాలె పెద్దమ్మా, మనసు జూసింది రాయొద్దు," అన్నాడు. ఎంత మంచి మాట. ఎవరు చెప్పారో చూడండి.

మంచి మాటలు ఇరవై అన్నాను కదా, ఇవి కూడా రాయి పంతులమ్మా. చాయ సాసరులో పోసుకుని, సగం నాకు ముందు పోసేవాడు. నా జొన్నరొట్టె అడిగి తినేవాడు, పచ్చిపులుసులో ముంచుకుని. ఏ ఆకును ముట్టుకోవాలన్నా అరచేత్తో కాక చేతి వెనకవైపుతో తాకేవాడు, బిడ్డకు జ్వరం చూసినట్టు. తోటలోనే వాళ్ళ ఇల్లు. ఆయన భార్య బాలింతగా ఉన్నప్పుడు, పుట్టిన ఆడపిల్లకు నూనె పెట్టి నీళ్ళు పోసింది నేనే. బొద్దుగా, బంగారు ముద్దలా ఉండేది. నడుముకు నల్లదారం, నేనే పేని కట్టాను. "జర గట్టిగ కట్టు పెద్దమ్మా, నా బిడ్డను జూస్తే ఎవరి కన్నయినా పడతది," అన్నాడు సారు పక్కనే నిలబడి. ఈ దారాన్ని మీరు మరిచిపోకండి.

ఆ పిల్ల నడక నేర్చిన ఏడు, వానాకాలంలో అసలు పని మొదలైంది. మంచి తీగలు ఇరవై, రోగపు తీగలు ఇరవై. రోజూ పొద్దున్నే ఆకులు కోసి, కట్టలు కట్టి గదికి తేవాలి. మొదట కాగితపు చీటీలు ఇచ్చాడు. వానకు సిరా కరిగిపోయింది. కరగకపోయినా నాకు చదవ రాదు.

"ఏదో ఒక గుర్తు పెట్టు పెద్దమ్మా. నీకు తెలిసిన గుర్తే పెట్టు," అన్నాడు.

నాకు తెలిసిన గుర్తులే పెట్టాను. మంచి తీగ పచ్చగా, నిగనిగలాడుతూ ఉంటుంది. దాన్ని చూస్తే నాకే కన్ను చెదిరేది. దానికి దిష్టి తగలకుండా నల్లదారం. రోగపు తీగ జ్వరం వచ్చిన పిల్ల. జ్వరం వస్తే మేము చేతికి పసుపుదారం కట్టి మొక్కుకుంటాం. దానికి పసుపుదారం. తీగకు ఒకటి కట్టాను, దాని ఆకుల కట్టకు అదే రంగు దారం చుట్టాను.

సారు కట్టలు చూసి, "బాగుంది పెద్దమ్మా. నలుపు, పసుపు. కలిసిపోయే ఫికరే లేదు," అన్నాడు. ఏది దేనికని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఎందుకు చెబుతాను? ఆయన బిడ్డ నడుముకు అదే దారం ఉంది కదా. గొట్టాలు నా ముందుకు వచ్చేసరికి దారాలు ఉండవు. కట్ట విప్పేదీ, మరగబెట్టేదీ, పుస్తకంలో రాసేదీ ఆయనే. నేను నలుపు పేరు చెప్పడమే.

వానలు వెనకబట్టాక ఒకనాడు మధ్యాహ్నం సారు ఈల వేసుకుంటూ గదిలోకి వచ్చాడు.

"తేలింది పెద్దమ్మా! మంచి తీగల వగరెక్కువ, రోగపు తీగల తక్కువ. కత్తి లేనోని ఇంట్లనే దొంగలు పడ్డరు. నా మీది పెద్దసారుకు ఉత్తరం గూడ రాసి పంపిన."

"కాదు సారూ," అన్నాను.

"ఏంది కాదు?"

"నేను రోజు నములుతున్న. రోగపు ఆకులనే వగరెక్కువ. మచ్చ అంచున కొరికితే నాలుక పీక్కపోతది. దొంగ పడ్డంకనే ఇల్లుగలోడు కత్తి నూరుతడు. దెబ్బతిన్న చెట్టే వగరెక్కుతది."

నవ్వాడు. "నీ నాలుక కంటె నా సీస పెద్దది పెద్దమ్మా," అని పుస్తకం తెరిచి చూపించాడు. నాకు అక్షరాలు రావు. కాని ఆ పేజీలో రెండు వరసల నెత్తిన నా దారాలే అతికించి ఉన్నాయి. ఇటు నల్లది, అటు పసుపుది.

"నల్లదారం కింద ఏం రాసినవ్ సారూ?"

"రోగం అని."

"పసుపు కింద?"

"మంచివి అని. నలుపంటె చెడుగే గద. అందరెరికే."

నేను కిటికీ దిక్కు తిరిగాను. కిటికీ బయట ఆయన కూతురు తోటమాలి వెనకాల పరిగెత్తుతోంది, చొక్కా పైకి ఎగిరిపోయి.

"నీ బిడ్డ నడుముకు ఉన్నదేం దారం సారూ?" అన్నాను. "గది రోగానికి కట్టిన్నా?"

ఆయన కిటికీలోంచి చూశాడు. తర్వాత పుస్తకంలోకి చూశాడు. చెవి మీది పెన్సిలు కింద పడింది. తీయలేదు. వానాకాలమంతా పడిన కష్టం తలకిందులుగా రాసుకున్నాడని ఆయనకు అప్పుడు తెలిసింది.

వారం రోజులు మళ్ళీ అన్నీ కొలిచాం. నా మాటే నిజమైంది. రోగపు ఆకులు నేరేడు దాటి కాకి దాకా పోయాయి, మంచివి బర్రె దగ్గరే ఆగాయి. "ఇంకో ఉత్తరం రాయి సారూ, నేను అడగలే, గందుకే తప్పయిందని," అన్నాను. "రాస్త పెద్దమ్మా. జర ఆగు," అన్నాడు. రాయలేదు. రాసేలోపే పెద్దసారు జీపులో దిగాడు.

ఆ రోజు నేను ఆకుల గంపతో గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. కూలివాళ్ళంతా అరుగు కింద వరసగా ఉన్నారు. పెద్దసారు అరుగు మీద కుర్చీలో కూర్చుని, ఉత్తరంలో ఒకటి ఉంది, పుస్తకంలో ఇంకొకటి ఉంది, ఏమిటీ కథ అని అడిగాడు. సారు ఉర్దూలో జవాబు చెప్పాడు. నైజాం రాజ్యంలో పుట్టినదాన్ని, నాకు ఉర్దూ రాదనుకున్నాడో ఏమో.

"మజ్దూర్ ఔరత్ కీ గల్తీ హై, సాబ్."

కూలి ఆడమనిషి తప్పు అని. గుర్తులు తారుమారు చేసింది, నేను పట్టుకుని సరిచేశాను అని.

"నేను కలపలే!" అన్నాను గుమ్మంలోంచి.

పెద్దసారు నా దిక్కు చూడలేదు. మా సారు చూశాడు. "తర్వాత మాట్లాడుదాం పెద్దమ్మా," అన్నాడు. ఆ తర్వాత అనేది రాలేదు.

పెద్దసారు లేచి తోట చూడ్డానికి పోయాడు. కూలివాళ్ళు ఆయన వెనక పోయారు. సారు, తోటమాలి మిగిలారు. నేను గంప గదిలో బోర్లించాను. కట్టలన్నీ తెంపి, దారాలు లాగేసి, ఆకులు కుప్పగా కలిపాను. కళ్ళకు కొంగు కట్టుకున్నాను.

"ఇప్పుడు కలిపిన. జూడుండ్రి. ఇప్పుడు కలిపిన! ఒక్కొక్కటి నా చేతులబెట్టుండ్రి."

సారు కదల్లేదు. తోటమాలే ఒక్కొక్క ఆకు అందించాడు. అంచు కొరికి, మంచిది కుడివైపు, రోగపుది ఎడమవైపు వేశాను. గంపెడు ఆకులు. నోరంతా వగరెక్కి నాలుక కొయ్యబారింది. చివరికి తోటమాలి రెండు కుప్పల ఆకులూ తిప్పి బూజు చూసుకుని, "ఒక్కటి గూడ తప్పు పోలే సారూ," అన్నాడు సన్నగా.

సారుకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. నేను కొంగు విప్పుకుని చూశాను, అబద్ధం చెప్పను. కాని బయటికి పోయి, తోటమాలి అన్న ఆ నాలుగు మాటలూ అరుగు మీద నిలబడి చెప్పలేదు. కళ్ళ నీళ్ళు గదిలో కార్చాడు, గల్తీ అనే మాట వాకిట్లో అన్నాడు. మరునాడు నన్ను పనికి రావద్దన్నారు. ఆ మాట చెప్పడానికి కూడా సారు రాలేదు, తోటమాలి వచ్చాడు.

కలిపినవ్వ పేరు అప్పుడే పుట్టింది. ఏ తోటకు పోయినా, "ఆమెనా? వద్దు, ఆమె అన్నీ కల్పుతది," అనేవాళ్ళు. జమ్మికుంటకు వచ్చి పత్తి మిల్లులో చేరితే, అక్కడ అడ్డదిడ్డంగా నోరున్న ఒకామె, "అవ్వా, కూరల ఉప్పు కలిపినవా, ఆకే కలిపినవా?" అని అన్నం ముందు ఎగతాళి. "నీ మొగని తోటి నా పేరు కలపలే, సంతోషపడు," అని నోరు మూయించాను. ఒక నోరు మూస్తే పది నోళ్ళు. వాళ్ళెవరి మీదా నాకు కోపం లేదు. వాళ్ళకు తెలియదు. తెలిసినవాడు ఒకడే.

మూడేళ్ళకు ఆ తెలిసినవాడు మా ఇంటికి వచ్చాడు. హైదరాబాదుకు బదిలీ అయిందట. చేతిలో ద్రాక్ష గంప, పైన ఆకులు కప్పి. చంకలో తడి గోనెగుడ్డలో చుట్టిన ద్రాక్ష కొమ్మ. మంచం వేస్తే కూర్చోలేదు, కింద కూర్చున్నాడు.

"తప్పు నాది పెద్దమ్మా. గుర్తు అడగాలె, అడగలే."

"నాకెరికే. నాకెందుకు జెప్తవ్? తోటల జెప్పు. ఎవరి ముంగట అన్నవో వాళ్ళ ముంగట జెప్పు."

"పుస్తకంల సరిజేస్త. నీ సంగతంత రాస్త."

"నీ పుస్తకం మా గల్లీల ఎవరు జదువుతరు? నోటితోటి అన్నది నోటితోటే తియ్యాలె సారూ."

తల వంచుకున్నాడు. "నోరు దాటి వస్తలేదు పెద్దమ్మా. నౌకరి."

"నాది నౌకరి గాదా?"

చాయ పెట్టాను. సాసరులో పోసుకుని, అలవాటుగా సగం నా దిక్కు జరిపాడు. నేను తాగలేదు. ద్రాక్షపండ్లు గల్లీ పిల్లలకు పంచాను. కొమ్మను మాత్రం పారెయ్యలేకపోయాను, ప్రాణమున్నది కదా. బావి పక్కన పాతాను. ఇవాళ అది మా పందిరంతా కమ్మింది. కాయ కాస్తే పులుపు. వాన పడితే బూజు. అయినా చావదు.

ఇక ఆయన ఇచ్చిపోయిన పుస్తకం. తోటమాలి పోయిన తర్వాత రెండు రోజులు గూట్లోనే ఉంచాను. మూడో రోజు పంతులమ్మను పిలిచి చదవమన్నాను. అంతా ఇంగ్లీషట, అంకెలట. నేను చెప్పిన నలుపులన్నీ అంకెలై కూర్చున్నాయి. తిప్పగా తిప్పగా నా దారాల పేజీ వచ్చింది. నల్లదారం వెలిసి ఇటుక రంగైంది. పసుపుదారం తెల్లగా పోయింది. ఇప్పుడు చూస్తే ఏది ఏదో ఎవరూ పోల్చుకోలేరు.

ఆ దారాల కింద సిరాతో ఒక వాక్యం ఉంది. పంతులమ్మ కూడబలుక్కుని తెలుగులో చెప్పింది: ఆకులు కోసిన కూలి మనిషి గుర్తులు తారుమారు చేసినందున మొదటి అంకెలు తప్పాయి.

"కొట్టెయ్యలేదా దాన్ని?" అన్నాను.

"కొట్టెయ్యలే అవ్వా."

సరిచేస్తానన్నాడు కదా. వంద మైళ్ళు దాటి బదిలీ మీద బదిలీ పోయాడు, ఆ పుస్తకాన్ని వెంట మోసుకునే తిరిగాడు, ఒక్క గీత గీయలేకపోయాడు. పుస్తకం మూసెయ్యమన్నాను. పంతులమ్మ మూయబోతూ ఆగి, పేజీని వాకిట్లోకి తీసుకుపోయి ఎండకు వాలుగా పట్టుకుంది.

"అవ్వా, అంచున ఏమో ఉన్నది. పెన్సిలుతోటి. తెలుగే."

చాలా సన్నగా, చెరిగిపోతున్నట్టుగా ఉందట. చదివింది.

'పెద్దమ్మ కలపలేదు. నేను అడగలేదు.'

మళ్ళీ చదవమన్నాను. మూడుసార్లు చదివించుకున్నాను. అట్ట మీద తప్ప, ఆయన తెలుగు రాసింది ఆ పుస్తకం మొత్తంలో అక్కడే. నాకోసమే రాశాడు, నేను చదవలేనని తెలిసీ. నా తప్పును సిరాతో రాశాడు, తన తప్పును పెన్సిలుతో రాశాడు. సిరా తప్పు పదిమందికీ కనబడుతుంది. పెన్సిలు నిజాన్ని ఎండకు వాలుగా పట్టుకుంటే తప్ప కనబడదు. ఆయన మంచితనమంతా ఆ పెన్సిలంతే. ఉన్నది. లేదనను. కాని గట్టిగా ఒత్తి రాయలేదు.

ఆ రోజే పాత ముంత కడిగి, తుప్పు మేకులు, బెల్లం వేసి, నీళ్ళు పోసి మూత పెట్టాను. పది రోజులకు నీళ్ళు పులిసాయి. ఇవాళ పొద్దున మూత తీశాను. పందిరి మీదికి చెయ్యి చాపి, మచ్చలున్న ఆకులే ఏరి కోసి, దంచి, గుడ్డలో పిండాను. చీపురుపుల్ల చివర నమిలి కుంచె చేసుకున్నాను. నాకు అక్షరం రాదు. గీత మీద గీత వెయ్యడం వచ్చు, నలభై ఏళ్ళ చెయ్యి. పంతులమ్మ పెన్సిలు జాడ చూపిస్తుంటే ఆకుపసరుతో దాని మీదనే పోయాను. పసరు కాగితంలోకి ఇంకింది, ఏమీ రాయనట్టే ఉంది. అప్పుడు ముంతలోని నీళ్ళు ఒక్క చుక్క దాని మీద పారించాను.

పంతులమ్మ కలం ఆపి చూస్తోంది. పుస్తకం వాకిట్లో చేట మీద ఆరుతోంది. ముందు పొగలా లేచాయి అక్షరాలు. ఇప్పుడు బర్రె నలుపు దాటాయి. మొదటి రెండు అక్షరాలు నేరేడుకు వచ్చాయి. కాకి నలుపు ఇంకా రాలేదు. ఎండ ఉంది. కూర్చునే ఉన్నాం.